చివరగా గీసే కళ్ళు

"గురువుగారూ, అడక్కుండా పరాయి మనుషుల బొమ్మ గీయడం దొంగతనమేనా?"

వియత్నాంలో మా చివరి రోజు ఉదయం, టీ కూడా ముట్టకుండా వకుళ అడిగిన ప్రశ్న ఇది. మా గురువు కుళ్ళాయప్పగారు తోలుబొమ్మలు చెక్కి ఆడించే మనిషి. బొమ్మలాటల ఉత్సవానికి పిలుపు వస్తే, అనంతపురం నుంచి మమ్మల్ని వెంటబెట్టుకొని అక్కడి ఒక రేవు ఊరికి వచ్చారు. వకుళ ఆయన శిష్యురాలు. నేను ఆటకు మద్దెల వాయించేవాణ్ణి. దారి పొడుగునా ఆ పిల్ల ఒక పుస్తకంలో కనిపించినవాళ్ళందరినీ గీస్తూనే ఉంది. గీతలో అంత జోరున్న పిల్లను నేను మళ్ళీ చూడలేదు, ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు. కాని గీసేదల్లా స్తంభం చాటునుంచో, గొడుగు చాటునుంచో. మా పనిలో బొమ్మకు కళ్ళు అన్నిటికన్నా చివర గీయాలి. ఆ చివర వచ్చేలోపే అవతలివాళ్ళు తల తిప్పితే చాలు, వకుళ పరుగో పరుగు. అందుకే పుస్తకం నిండా కళ్ళు లేని మనుషులే.

ముందురోజు చేపల బజారులో చేపలమ్మే ఒకావిడను గీస్తూ ఆవిడకే దొరికిపోయింది. ఆవిడ పుస్తకంలోకి తొంగిచూసి బజారంతా వినబడేలా కేకలు వేసింది. వకుళ ఏడుస్తూ వచ్చి, ఇక ఈ జన్మలో పెన్సిలు పట్టనని పుస్తకం నా చేతిలో పెట్టేసింది.

అడిగినదానికి నేరుగా బదులివ్వడం గురువుగారికి చేతకాదు. అది ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. చెప్పులు వేసుకుంటూ, "పుస్తకం తెచ్చుకో. చేపల బజారుకు పోదాం పా," అన్నారు.

"అయ్యో, వద్దు గురువుగారూ! ఆవిడ నన్ను చంపేస్తుంది!"

"చంపితే చంపనీలేమ్మా. మనం తిరిగిపోయే పడవ మధ్యాహ్నం కదా, ఆలోపల తేలిపోతుంది."

ఆవిడ అక్కడే ఉంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తలమీద కోసుగా ఆకుటోపీ, చేతిలో కత్తి. వకుళను చూడగానే మళ్ళీ కేక! నేను రెండడుగులు వెనక్కి వేశాను. గురువుగారు మాత్రం పుస్తకంలో ఆవిడ బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఆవిడ ముందు పట్టుకున్నారు. ఆవిడ కత్తి పక్కన పెట్టింది. బొమ్మలో కళ్ళుండాల్సిన చోట వేలితో పొడిచింది. తర్వాత తన రెండు కళ్ళూ చూపించింది. మళ్ళీ కాగితం, మళ్ళీ కళ్ళు. ఆవిడ భాష ఒక్క ముక్క మాకు రాదు. కాని ఓరి దేవుడా, అర్థం కానిదేముంది! గీసినందుకు కాదు ఆ కోపమంతా. నా కళ్ళేవీ అని!

ఎవరో బేరానికొస్తే ఉండమని కసిరింది. చేతులు తుడుచుకొని, టోపీ తీసి, మంచుపెట్టె మీద కూర్చొని వకుళ కేసి సూటిగా చూసింది. ఈసారి దాక్కోవడానికి స్తంభం లేదు, గొడుగూ లేదు. వకుళ కూడా చూసింది. పెన్సిలు కాగితానికి ఆనించింది. ముందు ఒక కన్ను, తర్వాత రెండోది. ఆవిడ పుస్తకం లాక్కొని చూసి, ఒక్క అరుపు అరిచి వకుళను వాటేసుకుంది. ఒళ్ళంతా చేపల కంపు! పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలీలేదు, నా సంగతీ అంతే. ఈలోగా రొయ్యలమ్మే ముసలాయన టోపీ తీసేసి వచ్చి కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకో నలుగురు. పడవ కూత వినబడకపోతే ఇవాళ్టికీ అక్కడే ఉండేవాళ్ళం.

పరుగెత్తి పడవెక్కి ఊపిరి తీసుకున్నాక వకుళ పుస్తకం తిరగేసింది. కళ్ళు లేని పాత పేజీల దగ్గర ఆగింది.

"గురువుగారూ, నిన్న దొంగతనంలా ఉన్నది ఇవాళ ఎందుకు లేదు?"

ఆయన ఆమె చెంపకు అంటుకున్న చేప పొలుసు తీసి నీళ్ళలో వేశారు.

"నిన్న నువ్వొక్కదానివే చూసినావు కదమ్మా," అన్నారు.