గూటి తగాదాలో గుంటనక్క వకాల్తా

ఏటి ఒడ్డు తుమ్మచెట్టుకు ఆ ఏడు ఇరవై మూడు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతున్నాయి. నీళ్ల మీదికి వంగిన కొసకొమ్మ గూడు అల్లికయ్య, రెల్లమ్మలది. గిజిగాళ్లలో గూడు అల్లేది మగపిట్ట. ఆడపిట్ట వచ్చి, లాగి చూసి, నచ్చితే కాపురం పెడుతుంది. రెల్లమ్మ గుడ్ల మీద కూర్చున్న మర్నాడే అల్లికయ్య పక్క కొమ్మ మీద రెండో గూడు మొదలుపెట్టాడు. ఆ జాతి మగాళ్లకు అది అలవాటే. ఆ వారంలోనే గాలివాన వచ్చింది. మొదటి గూటికి వేలాడే వాకిలి గొట్టం తెగి, మూడు గుడ్లలో ఒకటి ఏట్లో పడిపోయింది.

మిగిలిన రెండూ పిల్లలయ్యాయి. రెల్లమ్మ మాత్రం మొగుణ్ణి గూటి దగ్గరకు రానివ్వలేదు.

కబురు గుంటనక్కకు చేరింది. అది వచ్చి ఒడ్డున కొసకొమ్మకు ఎదురుగా నిలబడింది.

"చెల్లెమ్మా, నీ తరఫున నేను వాదిస్తాను. గూడు నాది, అది వేలాడే తాడు తెంపేస్తానంటున్నాడు మీ ఆయన."

అటునుంచి చెట్టు అవతల ఉన్న అల్లికయ్య దగ్గరకు వెళ్లింది. "తమ్ముడూ, నీ తరఫున నేనున్నాను. పిల్లలకు నీ పేరు కూడా చెప్పదట మీ ఆవిడ."

ఇద్దరికీ ఒకటే షరతు పెట్టింది. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. రేపు పొద్దున పిల్లల్ని ఒడ్డు మీది ఇసుకలో హాజరుపరచాలి.

"వాటికింకా రెక్కలు రాలేదన్నా," అంది రెల్లమ్మ.

"హాజరు లేకుండా తీర్పు ఎలా వస్తుందమ్మా? చెరొకటి పంచి పంపిస్తాను."

మధ్యాహ్నం అరక విప్పాక గౌరన్న అనే ఎద్దు నీళ్లకు వచ్చింది. రెల్లమ్మ కిందకు దిగి అడిగింది. "గౌరన్నా, రేపు మా గూటి కింద కాసేపు నిలబడతావా? పిల్లల్ని నీ మోపురం మీదకు జారవిడుస్తాను, ఒడ్డుకు చేర్చు."

"ఎందుకు?"

రెల్లమ్మ సంగతి చెప్పింది.

"నిలబడతాను. ముందు మీ ఆయన్ని పిలువు. నాకు రెండు కొమ్ములున్నాయి, చెరొకదాని మీద కూర్చోండి."

"వకీలు మాట్లాడొద్దన్నాడు."

"నా కొమ్ము మీద కూర్చోవద్దనలేదుగా."

రెల్లమ్మ ఎడమకొమ్ము మీద వాలి కూత వేసింది. అల్లికయ్య వచ్చి కుడికొమ్ము మీద వాలాడు. గౌరన్న నీళ్లు తాగి తల ఎత్తింది. "తప్పెవరిదని నేనడగను. ఎవరికేం పోయిందో, ఇప్పుడేం కావాలో చెప్పండి. ఎవరి మాట వాళ్లే చెప్పాలి."

"గుడ్డు పోయింది," అంది రెల్లమ్మ. "నీళ్లలో పడిన చప్పుడు విన్నాను. అప్పుడీయన పక్క కొమ్మ మీద పీచు పేనుకుంటున్నాడు."

అల్లికయ్య ఆమె వైపు తిరిగాడు. "చప్పుడు నాకూ వినిపించింది. తుమ్మకాయ అనుకున్నాను. తెలిశాక నీ ఎదుటికి రావడానికి మొహం చెల్లలేదు."

"మొహం చెల్లనివాడివి తాడు తెంపుతానని ఎలా అన్నావయ్యా?"

"నేనెప్పుడన్నానే? నేను పేనిన తాడు నేనే తెంపుతానా? పిల్లలకు నా పేరు చెప్పనన్నది నువ్వు."

"ఎవరు చెప్పారు?"

"మా వకీలు. గుంటనక్క."

రెల్లమ్మ కొమ్ము మీద సర్దుకుని కూర్చుంది. "నా వకీలూ ఆయనే."

గౌరన్న నెమరు ఆపింది. "పిల్లల్ని ఇసుకలో పెట్టమన్నదీ ఆయనేనా?"

ఇద్దరూ ఒడ్డునున్న ఇసుక వంక చూశారు.

"ఇప్పుడేం కావాలో చెప్పమ్మా."

"గొట్టం మళ్లీ అల్లాలి, గాలి వైపు రెండు వరసలు. పురుగుల్లో సగం ఈయన తేవాలి. పడుకోవడం మాత్రం బయట కొమ్మ మీదే. నా మనసింకా కుదుటపడలేదు."

"సరే," అన్నాడు అల్లికయ్య. "ఆ రెండో గూడు విప్పేస్తాను. దాని పీచు దీనికి సరిపోతుంది."

పొద్దుగూకేలోగా గొట్టం సగం పూర్తయింది.

మర్నాడు గుంటనక్క ఇసుకలో ఎండ ముదిరేదాకా కూర్చుంది. చివరికి తల ఎత్తి పిలిచింది. "చెల్లెమ్మా, పిల్లలేరీ?"

"మేమే మాట్లాడుకున్నామన్నా."

"వకీలు లేని రాజీ చెల్లదు."

నీళ్లలో నిలబడ్డ గౌరన్న అడిగింది. "ఇంతకీ నువ్వెవరి వకీలువయ్యా?"

గుంటనక్క పైకి చూసింది. గూటిలోంచి రెల్లమ్మ తల, గొట్టం అంచున అల్లికయ్య తల దాని జవాబు కోసం చూస్తున్నాయి. మిగతా ఇరవై రెండు గూళ్లూ చప్పుడు ఆపాయి. నక్క ఒంటికంటిన ఇసుక దులుపుకుని రెల్లుపొదల్లోకి నడిచింది.

పైన పిల్లలు రెండూ నోళ్లు తెరిచాయి. అల్లికయ్య మిడత తెచ్చాడు. రెల్లమ్మ పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

నీతి: ఇంట్లో గొడవ వస్తే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి, ఇద్దరి మధ్యా మాటలు మోసేవాడికి ఆకలెక్కువ.