ముందు అంటే ఎటు?

ఒకప్పుడు ఎండ్రకాయ తిన్నగా నడిచేది. నవ్వకండర్రా, నిజం! మీరూ నేనూ నడిచినట్టే, మూతి ఎటుంటే అటు నడిచేది.

ఆ రోజుల్లో ఒక మడుగులో డొప్పమ్మ అనే ఎండ్రకాయ ఉండేది. దాని పొట్ట కింద ఆవగింజలంత పిల్లలు. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు కాస్తా బురదైంది. బురద కాస్తా నెర్రెలిచ్చింది.

"అమ్మా, ఒళ్లు ఎండిపోతోందే" అని పిల్లలు ఒకటే ఏడుపు. తడి దొరక్కపోతే పొద్దుగూకేలోగా అవి బతకవు. మడుగులో నీళ్లు లేవు గానీ, పాపం, డొప్పమ్మ గుండె చెరువైపోయింది.

ఆ మడుగుకి పెద్ద కొర్రమీను తాత. ఆయన బురదలోంచి తలెత్తి, "ఈ సృష్టి మొత్తం ముందుకే పోతోంది! నీళ్లన్నీ ముందే ఉన్నాయి. అందరూ ముందుకు పదండి!" అన్నాడు.

తాబేలు చటుక్కున వెనక్కి తిరిగింది. "ఈ మడుగుకి రాక ముందు మనం ఉన్నది ఆ వెనక వాగులోనేగా? ముందుకు అంటే అటే."

"ఛీ ఛీ! ముందుకు అంటే ఇంతవరకూ చూడని చోటికి!" అన్నాడు తాత.

"మరి ముందు రోజంటే గడిచిపోయిన రోజేగా?" అంది ఒక కప్ప.

"ముందు ముందు అంటే రాబోయేదేగా?" అంది ఇంకో కప్ప.

ఇంకేముంది! కప్పలు సగం ఇటు, సగం అటు. ఒకదాన్నొకటి గుద్దుకోవడం, తిట్టుకోవడం. అబ్బబ్బ, ఆ గోల! ఒక్కటీ గజం దూరం కదల్లేదు.

డొప్పమ్మ ఉండబట్టలేక, "తాతా, నీ కాళ్లు మొక్కుతా. ముందు అంటే ఎటో తేల్చి చెప్పు" అంది. తాతకి కాళ్లు లేవనుకోండి, అది వేరే సంగతి.

"నా మూతి ఎటుంటే అటు!" అన్నాడు తాత.

"నా మూతి ఇటుందే!" అంది తాబేలు.

పొట్ట కింద పిల్లల ఏడుపు సన్నబడింది. డొప్పమ్మ హడలిపోయింది. అప్పుడే దాని పక్కకాలి కొసకి చల్లగా ఏదో తగిలింది. తడి! రవ్వంత తడి. ముందూ కాదు, వెనకా కాదు, పక్కన. అటే ఒక అడుగు వేసింది. మళ్లీ కాలు చాపి తడిమింది. ఇంకాస్త తడి. ఇంకో అడుగు.

"అడ్డంగా పోతోంది చూడండ్రోయ్!" అని కప్పలు పడీ పడీ నవ్వాయి. నవ్వనీ! ఎంత గట్టి తల్లండీ అది! తల తిప్పలేదు. పాకి పాకి రెల్లుదుబ్బు కిందకి చేరి తవ్వితే, నీళ్లు బుడబుడా ఊరాయి. పిల్లలు కాళ్లు కదిలించాయి. డొప్పమ్మ భోరున ఏడ్చేసింది.

అది చూసి అందరూ దేక్కుంటూ వచ్చి పడ్డారు. కొర్రమీను తాత కడుపునిండా తాగి, గొంతు సవరించుకుని, "చూశారా! సృష్టి ఇటే రావాలని మొదట్నుంచీ రాసిపెట్టి ఉంది" అన్నాడు.

"ఏమో తాతా, నా కాలికి ఆ రాత తెలీదు. తడి తెలిసింది, అంతే" అంది డొప్పమ్మ.

"మరి రేపు ఎటు పోవాలి?" అన్నాడు తాత.

"రేపు కాలు చాపి చూస్తా."

అప్పటినుంచే ఎండ్రకాయలు పక్కకి నడుస్తున్నాయి, అడుగడుక్కీ నేలని తడిమి చూసుకుంటూ. చేలగట్టు మీద ఒకటి కనిపిస్తే, ముందు ఎటు అని అడిగి చూడండి. పెద్ద కాళ్లు రెండూ పైకెత్తి చూపిస్తుంది, ఒకటి ఇటు, ఒకటి అటు.