ముడుచుకున్న పగడం, కావలి పీత

విశాఖపట్నంలో సత్యవేణి టీచరు ఇంటి ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టి ఒకటి ఉంది. ఉప్పునీళ్లు, ఇసుక, గుట్టగా పేర్చిన రాళ్లు, పైన నీలంగా వెలిగే దీపం. లోపల ఉన్నవాళ్లకి అదే సముద్రం, అదే ఊరు. రాళ్ల సందులో ఎర్ర పీత, గాజు మీద నాచు నాకుతూ తిరిగే నత్త, ఎవరింట్లో ఏం జరిగినా అందరికీ చేరవేసే చారల చేప అక్కడి కాపురస్తులు.

ఒకరోజు పొద్దున్నే ఆ ఊరికి ఒక పగడం వచ్చింది. చూడ్డానికి పువ్వులా ఉంటుంది గానీ జంతువే. ఒంటినిండా బుల్లి బుల్లి నోళ్లు, ఒక్కో నోటి చుట్టూ మెత్తటి వేళ్లు. కాళ్లు మాత్రం లేవు, పెట్టిన చోటే బతకాలి. టీచరు దాన్ని తెచ్చిన నీళ్లలో తొట్టి నీళ్లు చుక్కచుక్కగా కలిపి, గంటసేపు అలవాటు చేసి, వెలుగు తక్కువ పడే కింది రాయి మీద కూర్చోబెట్టింది.

నీళ్ల రుచి కొత్త, వెలుగు కొత్త, చుట్టూ మొహాలు కొత్త. పగడం వేళ్లన్నీ లోపలికి లాక్కుని బిగుసుకుపోయింది.

పీత పక్కపక్కగా నడుచుకుంటూ వచ్చింది. "ఏమ్మా, ఒంటరిగా వచ్చావా? నీవాళ్లు ఎవరూ లేరా?"

"లేరు మామయ్యా."

"మామయ్యా అన్నావు, ఇంక నీ బాధ్యత నాది. ఆ దీపం చూశావా? వేళ్లు చాపావంటే మాడి మసైపోతాయి. ఆ చారల చేప ఉందే, కనబడ్డ ప్రతి వేలూ కొరుకుతుంది. నేను చెప్పేదాకా తెరవకు. కాపలా నేనుంటాగా!"

పగడానికి ప్రాణం లేచొచ్చింది. కొత్త ఊళ్లో దిగీ దిగగానే ఇంత మంచివాడు దొరకడం మాటలా!

మధ్యాహ్నం టీచరు సన్నటి గొట్టంతో పగడం మీద ఏదో వదిలి వెళ్లింది.

"మామయ్యా, నా మీద ఏదో పడింది!"

"చెత్తమ్మా. కదలకు, తుడిచేస్తా." పీత రెండు చేతులా గబగబా ఏరి నోట్లో వేసుకుంది.

"వాసన మాత్రం కమ్మగా ఉంది."

"ఈ ఊళ్లో చెత్త అలాగే ఉంటుంది" అంది పీత మూతి తుడుచుకుంటూ.

రోజూ చెత్త పడటం, రోజూ పీత తుడవడం. ఐదు రోజులయ్యేసరికి పగడం పాలిపోయింది. టీచరు గాజు దగ్గర కూర్చుని నిట్టూర్చింది. "ఎంత పెట్టినా కోలుకోవడం లేదు. ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ విచ్చుకోకపోతే తీసేయాల్సిందే. ఇందులో చచ్చిందంటే నీళ్లన్నీ పాడైపోతాయి."

పగడానికి భయం వేసింది. పీతకి అంతకంటే కంగారు పుట్టింది. పగడాన్ని తీసేస్తే తన భోజనం గతేంటి?

"చూడమ్మా, నువ్వు ఇలాగే ముడుచుకుని ఉండు. కాకపోతే కాస్త రంగు తెచ్చుకో" అంది.

"తిండి లేకుండా రంగెలా వస్తుంది మామయ్యా?"

"మనసులో గట్టిగా అనుకోవాలి" అని పీత నిద్రకి పోయింది.

అంతలో నత్త మెల్లగా ఆ రాయి మీదకి పాక్కుంటూ వచ్చింది. "ఏం తింటున్నావే తల్లీ, ఇలా అయిపోయావు?"

"ఏమీ లేదు పెద్దమ్మా."

"మరి టీచరు రోజూ నీ మీద వదిలేదేమిటి?"

"చెత్త. మామయ్య తుడుస్తాడు."

"అవి సన్నగా తరిగిన రొయ్య ముక్కలమ్మా" అంది నత్త.

పగడం నమ్మలేకపోయింది. "మరి దీపం? మాడిపోతానన్నాడే!"

"వచ్చిన రోజే పై రాయి మీద కూర్చుంటే మాడేదానివే. అందుకేగా టీచరు నిన్ను కింద పెట్టింది! మీ జాతికి వెలుగే సగం తిండి. నా మాటా నమ్మక్కర్లేదు. ఒక్క వేలు చాపి చూడు. మండితే ముడుచుకో."

పగడం భయం భయంగా ఒక్క వేలు చాపింది. మండలేదు. నీళ్లు మెత్తగా తాకాయి. రెండో వేలు, మూడో వేలు. ఇంతలో చారల చేప దూసుకొచ్చింది. పగడం హడలిపోయింది.

"అబ్బో, లోపల ఆకుపచ్చ రంగుందే నీకు!" అని చేప ఆ కబురు ఊరంతా చెప్పడానికి పరుగెత్తింది.

ఐదు రోజులుగా దేనికి భయపడిందో తలుచుకుంటే పగడానికి నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్లు మండింది, దీపం వేడికి మాత్రం కాదు.

"పీతని నేను కడిగెయ్యనా?" అంది నత్త.

"వద్దు పెద్దమ్మా, నేనే చూసుకుంటా."

మర్నాడు పగడం ఎప్పటిలాగే ముడుచుకుని కూర్చుంది. గొట్టం దిగింది, ముక్కలు రాలాయి.

"కదలకమ్మా, ఇవాళ చెత్త ఎక్కువగా ఉంది" అంటూ పీత మొహం మొత్తం దాని ఒళ్లో పెట్టేసింది.

పగడం ఒక్కసారిగా విచ్చుకుంది. మెత్తగా కనిపించినా ఆ వేళ్లకి దురదగొండిలా కుట్టే విషం ఉంది. అన్నీ కలిసి పీత మొహాన్ని పట్టేశాయి.

"అమ్మో, కళ్లు! తెరవద్దన్నానా!"

"నీకు రోజూ శ్రమ దేనికి మామయ్యా? నా చెత్త నేనే తుడుచుకుంటా!"

పీత వెల్లకిలా దొర్లి సరిగ్గా వెళ్లబోతూ వెనక్కి తిరిగిన టీచరు కళ్ల ముందు ఇసుకలో పడింది, చేతిలో రొయ్య ముక్కతో సహా. టీచరు పగడాన్ని చూసింది, పీతని చూసింది. "నువ్వా దొంగ!" అని చిన్న వలతో ఎత్తి తొట్టి వెనక అరలో వేసింది. అక్కడ గోడల నాచు తప్ప ఇంకేమీ దొరకదు.

ఆదివారం వచ్చింది, వెళ్లింది. పగడాన్ని ఎవరూ తీసెయ్యలేదు. వారానికి ఒక మెట్టు చొప్పున టీచరు దాన్ని పైకి జరుపుతూ వచ్చింది. పై రాయి చేరేసరికి ఆకుపచ్చగా కళకళలాడుతోంది.

వెనక అరలోంచి పీత అరిచింది. "పగడమ్మా, నేను లేకుండా నీకు కాపలా ఎవరే?"

నోట్లో రొయ్య ముక్క ఉండటంతో పగడం జవాబు చెప్పలేదు.

నీతి: భయపెట్టి కాపాడతానని ఎవరైనా వస్తే, ఆ కాపలా వల్ల ఎవరి కడుపు నిండుతోందో ముందు చూసుకోవాలి.