తాతగారి మజ్జిగన్నం

వెనకటికి ఒక కొండరాజ్యాన్ని వీరకంఠీరవుడనే రాజు ఏలేవాడు. పేరెంత పొడుగో గొప్పలూ అంత పొడుగు. అందులోనూ తాతగారి గొప్పలు మరీను. ఆ తాతగారు ఒకసారి శత్రువులకు చిక్కి, ప్రాణాలతో తిరిగొచ్చారు. "ఒంటిచేత్తో వందమందిని నరికి వచ్చారు!" అని రాజు నిండుసభలో చెప్పుకోని రోజు లేదు.

ఒకరోజు మళ్లీ అదే కథ ఎత్తుకునేసరికి, ఆస్థాన విదూషకుడు వల్లభయ్య ఉండబట్టలేకపోయాడు.

"నరకలేదు ప్రభూ. తాతగారిని కాపాడింది మజ్జిగన్నం. ఆనాడు మా తాత ఆయన పక్కనే ఉన్నాడు."

సభ గతుక్కుమంది. రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

"మజ్జిగన్నం తిని చావు తప్పించుకున్నవాడు ఎక్కడైనా ఉంటాడా? మా వంశాన్నే ఎగతాళి చేస్తావా? ఇవాళే వీడి తల తీయించండి!"

ఎంత చమత్కారి అయితే మాత్రం, తల పోతుందంటే భయం ఉండదూ? అయినా వల్లభయ్య చేతులు జోడించాడు.

"చిత్తం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తమ పంక్తిలో ఒక్క విస్తరి వేయించండి. తిని చస్తాను."

"మా ఇంట ఆకలితో ఎవడూ చావడు. వేయించండి!" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

తలారి కత్తి పట్టుకుని పెరట్లో కూర్చున్నాడు. లోపల రాజమాతే స్వయంగా వడ్డించింది. రాజు భోజనం ముగించాడు. వల్లభయ్య మజ్జిగన్నం దగ్గరే ఉన్నాడు.

"అమ్మా, అన్నం మిగిలింది. కాస్త మజ్జిగ."

పోసింది.

"మజ్జిగ మిగిలింది. కాస్త అన్నం."

పెట్టింది. మళ్లీ మజ్జిగ, మళ్లీ అన్నం. చాలు అనడు, చెయ్యి కడుక్కోడు. విస్తరి ముందున్నవాణ్ణి లేపకూడదు. పంక్తిలో ఒకడు తింటుండగా మిగతావాళ్లు లేవకూడదు. మర్యాదలో తనను మించినవాడు లేడనుకునే రాజాయె, ఎలా లేస్తాడు?

ఎంగిలి చెయ్యి ఎండిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. బయట పొద్దు వాలింది.

"ఇంకెంతసేపయ్యా?"

"తమరు లేవండి ప్రభూ."

"పంక్తి మధ్యలోంచి లేవడమా! అది రాజు చేసే పనేనా?"

"ఆనాడు శత్రురాజూ మీ తాతగారితో ఈ మాటే అన్నాడట."

రాజు విస్తరి మీంచి తలెత్తి చూశాడు.

"తల తీసేముందు అన్నం పెట్టించి, సేనాపతులతో సహా తానూ పంక్తిలో కూర్చున్నాడట. మీ తాతగారు ఇలాగే తింటూ పోయారు. ఒక్కడూ లేవలేదు. ఈలోగా మన సైన్యం వచ్చిపడింది. అందరూ ఎంగిలి చేతులతో దొరికిపోయారు."

రాజు తల్లివైపు చూశాడు. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"నిజమే నాయనా. మామగారు పోయేదాకా మళ్లీ మజ్జిగ ముట్టలేదు."

రాజు వల్లభయ్యవైపు తిరిగాడు. "సరే, మా తాతకు సైన్యం వచ్చింది. నీకేం వస్తుందని తింటున్నావు?"

"నాకు సైన్యం ఎక్కడిది ప్రభూ! తమకు నవ్వు వస్తుందేమోనని చూస్తున్నాను. కాస్త త్వరగా రానివ్వండి, పొట్ట పగిలేట్టుంది."

వచ్చింది. రాజు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "శిక్ష రద్దు! ఇకనైనా చెయ్యి కడుక్కో, నీకు పుణ్యముంటుంది!"

వల్లభయ్య అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. చెంబు అందుకుని చెయ్యి కడుక్కున్నాడు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు.

పెరట్లో ఆకలితో నకనకలాడుతున్న తలారికి కూడా విస్తరి వేశారు. మజ్జిగ మాత్రం అయిపోయింది.