కర్పూరం ఆర్పి చెప్పిన అబద్ధం

అనగనగా నీలగుండం అనే రాజ్యం. దానికో రాజు, రాజుకు ముగ్గురు కొడుకులు, ఒక చిన్న కూతురు. అందరూ ఉన్నారు గానీ నీళ్లే లేవర్రా! కరాళుడనే మాయావి ఊరి బావులన్నిటినీ చాప చుట్టినట్టు చుట్టి, చంకన పెట్టుకుపోయాడు.

రాజు వెళ్లి చక్రవర్తి దగ్గర మొరపెట్టుకున్నాడు. "తీర్పు చెప్పేదాకా బావుల్ని కదిపావో, జాగ్రత్త!" అని చక్రవర్తి కరాళుడికి గట్టిగా చెప్పాడు. "చిత్తం ప్రభూ" అన్నాడు వాడు. ఆ చిత్తం ఎంత గొప్పదో చూడండి! పెద్ద రాకుమారుడు వెతుక్కుంటూ పోయేసరికి బావులు వాడి బావమరిది ఇంటికి చేరాయి. రెండోవాడు అక్కడికి పోయేసరికి అత్తగారింటికి చేరాయి. మూడోవాడు మణికేతు అక్కడికీ పోతే, ఆవిడ ఖాళీ చేతులు చూపించింది.

తీర్పు రేపో మాపో. ఇంటి దగ్గర చెల్లెలు నాలుక పిడచకట్టుకుపోయి, "నీళ్లేవి అన్నయ్యా?" అంటోంది.

అప్పుడొక గద్ద వచ్చి వాలింది. "నా పిల్లలకూ గొంతులో తడి లేదు బాబూ. వాడు బావుల్ని గింజలుగా మార్చి, ఏడు సముద్రాల అవతల ఒక చిలక చేత మింగించాడు. వాడి ప్రాణమూ దాంట్లోనే ఉంది. ఎక్కు నా వీపు!"

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. చిలక దొరికింది. మెడ నులిమేద్దామంటే, దాంతోపాటు బావులూ పోతే? అమ్మో! మణికేతు దాన్ని ఉత్తరీయం కింద దాచుకుని, గద్ద మీదే తిరిగొచ్చి చక్రవర్తి కొలువులోకి పరిగెత్తాడు.

సరిగ్గా అప్పుడే తీర్పు కోసం వచ్చిన కరాళుడి ముందు భటులు ప్రమాణానికి కర్పూరం వెలిగించారు. ఆ కొలువులో మంట ఆర్పి ఏది నాది కాదంటే, అది ఇక జన్మలో వాళ్లది కాదు. మణికేతు చిలక ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. అది కిక్కురుమంటే వాడు జాగ్రత్తపడిపోడూ! చెమటకు వేళ్లు జారిపోతున్నాయి.

కరాళుడు దీనంగా మొహం పెట్టి, అరచేత్తో మంట ఆర్పేశాడు. "ఈ గోచీ తప్ప లోకంలో నాకంటూ ఏదీ లేదు ప్రభూ!"

మణికేతు ఉత్తరీయం తీశాడు. "మరి ఈ చిలక ఎవరిదయ్యా?"

కరాళుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాది! నాదే! ఇచ్చెయ్!" అని కేకపెట్టాడు.

చక్రవర్తి తల అడ్డంగా ఊపాడు. "మంట ఆర్పేశావు కదా. అది నీది కాదు."

ఆ మాటతో ప్రాణం కూడా వాడిది కాకుండా పోయింది. వాడు నిలుచున్న చోట గుప్పెడు బూడిద మిగిలింది. చిలక తుమ్మింది. బావుల గింజలు గలగలా రాలాయి. వాటిని నీలగుండంలో చల్లితే మళ్లీ బావులయ్యాయి.

చక్రవర్తి మణికేతుకు తన కూతురు హేమలేఖనిచ్చి పెళ్లి చేశాడు. పెళ్లిలో మొదటి చెంబు నీళ్లు చెల్లెలికి, రెండోది గద్ద పిల్లలకు. మణికేతు జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలాడు. మీరూ లేచి, గుక్కెడు మంచినీళ్లు తాగి పడుకోండి.