ఎర్రపట్టీ, పసుపుపట్టీ

చౌడేశ్వరికి ఎనిమిది నెలలుగా ఒకటే సమస్య. ఏ కెమెరా కొనాలి?

ఆషామాషీ సమస్య కాదు. దాని కోసం ఆమె రెండు వందల పేజీల నోటుపుస్తకం నింపేసింది. ఒక పేజీలో కెమెరా గుణగణాలు, ఎదుటి పేజీలో దాని మీద లోకం చెప్పిన చాడీలు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు దీన్ని మించింది లేదని ఒక వీడియోలో ఒకాయన ఒట్టేసి చెబుతాడు. దీన్ని కొన్నవాడంత తెలివితక్కువవాడు లేడని ఇంకో వీడియోలో ఇంకొకాయన నవ్వుతాడు. ఇద్దరికీ లక్షమంది ప్రేక్షకులు. ఎవరిని నమ్మాలో తెలియక చౌడేశ్వరికి ఇద్దరి మీదా కోపం వచ్చేది.

అంతకన్నా కోపం గురువు మీద. ప్రొద్దుటూరు మెయిన్ బజార్లో దస్తగిరి సారుది నలభై అయిదేళ్ళ స్టూడియో. ఆమె రెండేళ్ళుగా అక్కడ పని నేర్చుకుంటోంది. లైట్లు పెట్టడం, పాస్‌పోర్టు ఫొటోలు తీయడం, ప్రింట్లు కత్తిరించడం అన్నీ చేతికొచ్చాయి. గురువు నోటి నుంచి జవాబు రాబట్టడం మాత్రం చేతకాలేదు.

"సార్, యా కెమెరా కొనాల?"

"చూద్దాంలే అమ్మా."

"మంచి కెమెరా అంటే యాది సార్?"

"పని చేసేది."

ఇదీ ఆయన వరస. ఇంకెవరైనా అయితే ఏదో ఒకటి కొనేసి ఊరుకునేవాళ్ళు. చౌడేశ్వరికి ఆ వీలు లేకపోయింది. సాబిరా పెళ్ళి వచ్చి నెత్తిన కూర్చుంది.

సాబిరా దస్తగిరి సారు చెల్లెలు ఖాసింబీకి మనవరాలు. వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి రెండు పందిళ్ళ కింద జరుగుతుంది. మగవాళ్ళది ఒకటి, ఆడవాళ్ళది ఒకటి. ఆడవాళ్ళ వైపుకు పరాయి మగవాడు రాకూడదు, కెమెరా మెడలో వేసుకున్నా సరే. సొంత అన్నే ఫొటోగ్రాఫరైనా అక్కడ కూర్చున్న మిగతా ఆడవాళ్ళు ఒప్పుకోరు. అందుకే ఖాసింబీ పెళ్ళి ఆల్బంలో పెళ్ళికొడుకు ఉన్నాడు, మామలు ఉన్నారు, పొయ్యి మీద బిర్యానీ డేక్సాలు కూడా ఉన్నాయి. ఖాసింబీ లేదు.

ఈసారి ఆమే స్టూడియోకు వచ్చి, చౌడేశ్వరి చేయి పట్టుకుంది.

"నువ్వు ఆడబిడ్డవి. నిన్ను ఎవురూ ఆపరు. మా పిల్లది ఒక్క ఫొటో కావాల నాకు. జల్వా అప్పుడు కొత్త జంట మీద ఓణీ కప్పి, నడుమ అద్దం పెడతాం. పొద్దుటి నుంచీ కండ్లు దించుకోని కూర్చున్న పిల్ల అప్పుడు అద్దంలో పెండ్లికొడుకు మొగం చూసేదానికి ఒక్కసారి కండ్లెత్తుతాది. అంతే, మళ్ళా దించేస్తాది. అది తీయి. మిగిలినవి తీస్తే తీయి, లేకుంటే లేదు."

"తీస్తా అవ్వా" అని మాటిచ్చేసింది చౌడేశ్వరి.

మాటివ్వడం తేలిక. స్టూడియో కెమెరా ఆ రోజు మగవాళ్ళ వైపు సారు చేతిలో ఉంటుంది. ఆమెకు తన కెమెరా కావాలి. పెళ్ళి ఆదివారం. గురువారానికి కూడా నోటుపుస్తకం తేల్చలేదు.

గురువారం సాయంత్రం తమ్ముణ్ణి తోడు తీసుకుని కెమెరాల అంగడికి వెళ్ళింది. అంగడాయన ఆమె అడిగిన ప్రతి ప్రశ్నకూ తమ్ముడి వైపు తిరిగి జవాబు చెప్పాడు. ఆ పిల్లవాడికి కెమెరా అంటే ఫోను వెనక ఉండేదని తప్ప ఇంకేమీ తెలియదు. చివరికి అంగడాయన నవ్వుతూ అడిగాడు.

"ఎవురికి మేడం, మీ ఇంటాయనకా?"

చౌడేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. "నాకే. నా రెండు చేతులకి" అంది. దస్తగిరి సారు పేరు చెబితే తప్ప ఆయన ముఖంలో నవ్వు పోలేదు. ఆ పేరు మీదే రెండు కెమెరాలు ఇచ్చి, చూసుకుని శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా ఒకటి వాపసు తెమ్మన్నాడు. ఒకదాని పట్టీ ఎరుపు, ఇంకోదానిది పసుపు.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని దస్తగిరి సారు స్టూడియోకు వచ్చేసరికి బల్ల మీద రెండు కెమెరాలు, నోటుపుస్తకం, వాటి వెనక ఉగ్రరూపంలో శిష్యురాలు ఉన్నారు.

"సార్, ఈ పొద్దు మీరు చెప్పాల్సిందే. చూద్దాంలే అంటే నేను వినను. ఎల్లుండి పెండ్లి. మీ మనవరాలిదే. మీకు పట్టదా?"

దస్తగిరి సారు చొక్కా సర్దుకుని, జరీ టోపీ సవరించుకుని, పాస్‌పోర్టు ఫొటోలకు జనం కూర్చునే స్టూలు మీద తనే వెళ్ళి కూర్చున్నాడు.

"తీయి. దేంతో ఎన్ని కావాల్నో అన్ని తీసుకో. నేను కదలను."

చౌడేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది నెలలకు ముసలాయన దారికొచ్చాడు అనుకుంది. ముందు ఎర్రపట్టీది అందుకుంది. వీడియోలో చెప్పినట్టు టోపీ అంచు మీది జరీకి ఫోకస్ పెట్టింది. తీసింది. వెంటనే వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూసింది. జరీ పోగులు లెక్కపెట్టొచ్చు. నోటుపుస్తకంలో రాసుకుంది. ఇప్పుడు పసుపుపట్టీ. గడ్డంలో తెల్లవెంట్రుకలు. మూలల్లో మసక ఉందా? లైటు తగ్గిస్తే? ఇంకా తగ్గిస్తే? ఒకటి చేతిలో బరువుగా ఉంది. ఇంకోటి తేలికే గానీ రంగు కొంచెం పాలిపోయినట్టుంది. కాదు, లైటే అలా ఉందేమో. మళ్ళీ తీసింది.

మధ్యలో ఎప్పుడో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క నిమిషం సార్" అంది తలెత్తకుండా. పోగులు లెక్కపెడుతోంది.

దీనితో ఇరవై, దానితో ఇరవై. నలభై అయ్యేసరికి మూడున్నర.

"రెండింట్లో నీకు నచ్చినవి చెరొకటి ప్రింటు తీసుకురా" అన్నాడు సారు, స్టూలు మీద నుంచి లేవకుండానే.

తెచ్చింది. ఆయన రెండు ప్రింట్లూ వెనక్కి దాచి, కలిపి, బల్ల మీద పరిచాడు.

"యాది యా కెమెరాది?"

చౌడేశ్వరి ఒక్క చూపులో చెప్పేసింది. "ఇది ఎర్రపట్టీ. జరీ చూడండి, ఎట్ల తేలిందో. ఇది పసుపు. చెవి దగ్గర నీడ మెత్తగా ఉండాది."

"శబాష్" అన్నాడు దస్తగిరి సారు. నిజంగానే మెచ్చుకున్నాడు. "సరే. ఈ ముసలాయన ఏం చేస్తాండాడు?"

"యా ముసలాయన?"

"ఫొటోలో ముసలాయన."

చౌడేశ్వరి ప్రింటు చేతిలోకి తీసుకుంది. టోపీ ఉంది. జరీ ఉంది. గడ్డం ఉంది. టోపీకీ గడ్డానికీ నడుమ గురువుగారి ముఖం ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

రెండోది చూసింది. మూసుకునే ఉన్నాయి.

కెమెరాలు లాక్కుని ఒక్కొక్కటే వెనక్కి తిప్పింది. ఇరవై. మళ్ళీ ఇరవై. నలభైలోనూ ఆయన నిద్రపోతున్నవాడి మాదిరి కూర్చుని ఉన్నాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"కావాల్నే మూసుకున్నారు!"

"అవును."

"నోరు తెరిచి చెప్పచ్చు గదా! తమాషాగా ఉండాదా మీకు? వాళ్ళూ వీళ్ళూ చెప్పేది వినీ వినీ నా తల పగిలిపోతాంది. అంగట్లో వాడు నన్ను మనిషిగా చూడలేదు. మిమ్మల్ని నమ్ముకోనొస్తే మీరు నన్ను ఎగతాళి చేస్తారా? మీకంటే వాడే నయం. వాడు కెమెరా అన్నా చూపించినాడు!"

నోటుపుస్తకం విసిరికొట్టింది. అది గోడకు తగిలి, నేల మీద వెల్లకిలా పడింది.

దస్తగిరి సారు దాని వైపు చూడలేదు. ఆయన ముఖం కూడా మారింది. రెండేళ్ళలో ఆమె ఆయన కోపం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది.

"కోపం నీకొక్కదానికే ఉండాదా? నా చెల్లెలి పెండ్లికి కెమెరా మెళ్ళో ఏసుకోని పరదాకు ఈ పక్క నిలబడినా. ఆ పక్క అది కండ్లెత్తి ఉంటాది. ఎట్లుండిందో నాకు తెల్దు. నలభై రెండేండ్లయింది. నువ్వు ఆ పక్క ఉంటావు. ఉండి..."

గొంతు తగ్గించి అన్నాడు.

"ఇందాక ఒక్కసారి తెరిచినానమ్మా."

"ఎప్పుడు?"

"ఒక్క నిమిషం సార్ అన్న్యావు చూడు. అప్పుడు."

ఎనిమిది నెలలుగా ఊరందరి మీదా పోగుపడ్డ కోపం ఒక్కసారిగా వెనక్కి తిరిగి చౌడేశ్వరినే పట్టుకుంది. అలాంటి కోపాన్ని ఎక్కడ విసిరికొట్టాలో ఆమెకు తెలియలేదు.

దస్తగిరి సారు టోపీ సవరించుకున్నాడు. స్టూలు మీద సరిగా కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆమె బల్ల మీద నుంచి ఒక కెమెరా తీసుకుంది. కంటికి ఆనించి నిలబడింది.

బజార్లో ఆటోలు మోగుతున్నాయి. ఎవరో పాస్‌పోర్టు ఫొటోకని తలుపు తోసి, ఆమె వాలకం చూసి మళ్ళీ మూసుకుని పోయారు. జేబులో ఫోను మోగి మోగి ఆగింది. అంగడాయనే అయ్యుంటాడు. చేతులు గుంజుతున్నాయి. కెమెరా దించలేదు. రెండేళ్ళలో మొదటిసారి ఆమెకు గురువుగారి ఎడమ కనురెప్ప కుడిదానికన్నా కొంచెం బరువుగా వాలి ఉంటుందని కనిపించింది. ఆయన ఊపిరి తీసే ముందు ముక్కుపుటాలు కదలడం కనిపించింది. చాలాసేపటికి ఆ రెప్ప కింద ఏదో సన్నగా కదిలింది.

కళ్ళు తెరుచుకున్నాయి. క్లిక్ మంది. కళ్ళు మూసుకున్నాయి.

స్క్రీన్ చూసుకోవాలని ఆమెకు తోచలేదు. ఇంకా ఆయన ముఖాన్నే చూస్తోంది.

"దొరికిందా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"దొరికింది సార్."

"యా కెమెరా అది?"

చౌడేశ్వరి జవాబు చెప్పబోయి ఆగింది. ఎరుపో, పసుపో చెప్పడానికి తల వంచి చేతిలోకి చూసుకోవాల్సి వచ్చింది.

దస్తగిరి సారు స్టూలు మీద నుంచి లేచాడు.

"అది ఉంచుకో. రెండోది ఇచ్చిరా పో, ఆరు కావస్తాంది."