సీటు కింది మీట

రాజుగారి కోట ముందు ఒక పెద్ద పచ్చిక మైదానం. ఆ గడ్డి కోయడానికి ఒక ఇంజను బండి, దాని మీద కూర్చుని నడపడానికి ఒక తోటమాలి.

తోటమాలి మంచివాడే కానీ వట్టి పరధ్యానం మనిషి. బండెక్కి కూర్చోగానే ఇంజను చప్పుడు అతని చెవుల్లో సముద్రమైపోయేది. పచ్చిక అలలుగా లేచేది. అతను ఎక్కడెక్కడో తేలుతూ ఉంటే బండి మాత్రం ఇక్కడ గడ్డి కోస్తూ పోయేది. ఒకరోజు అలా తేలుతూనే తీతువు పిట్ట గూటి మీదుగా పోయాడు. తీతువు నేల మీదే గుడ్లు పెడుతుంది, పాపం. పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉంది.

పగిలిన ఆ గుడ్ల పెంకులు చూసి అతని భార్యకు గుండె గుభేలుమంది. "ఇవాళ గుడ్లు. రేపు ఏ పసిబిడ్డో అడ్డొస్తే ఏం చేస్తావయ్యా?"

ఆవిడే సీటు ఊడదీసి, కింద ఒక స్ప్రింగూ మీటా బిగించింది. అక్కణ్ణుంచి ఇంజనుకు రెండు వైర్లు లాగింది. "ఇక సీటు మీద మనిషి లేకపోతే బండి ఆగిపోతుంది," అంది.

"గూడు తొక్కినప్పుడు నేను సీటు మీదే ఉన్నాగా!"

"ఉన్నావా?"



మీట ఆవిడ అనుకున్నదానికన్నా గడుసుది. ఒళ్ళు సీటు మీదున్నా మనసు జారితే చాలు, ఇంజను టక్కున ఆగేది. చూసినవాళ్ళంతా నవ్వారు. తోటమాలికి ఏడుపొచ్చింది. కానీ రానురాను గడ్డి అతనికి గడ్డిలా కనిపించసాగింది. తీతువు మళ్ళీ గుడ్లు పెట్టిందని కూడా కనిపించింది. అక్కడ చాపంత గడ్డి వదిలేసి చుట్టూ కోశాడు.

మర్నాడు పరదేశపు రాయబారులు వస్తున్నారు. రాజు ఆ గడ్డి కుచ్చు చూసి మండిపడుతూ, కొలువువాళ్ళను వెంటేసుకుని దిగొచ్చాడు.

"అదేమిటి?"

"గూడుంది ప్రభూ."

"పిట్ట కోసం నా పరువు తీస్తావా? దిగు. నీ కొలువు ఇవాళ్టితో సరి!"

తోటమాలి దిగాడు. కొలువు పోయినందుకు కాదు, గుడ్ల కోసం అతని ప్రాణం కొట్టుకుంది. రాజు తానే ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను పలకలేదు. కొలువువాళ్ళందరికీ ఉన్నట్టుండి ఆకాశంలో మబ్బులు ముచ్చటగా తోచాయి.

"దీనికేం కావాలి?" అని రాజు గద్దించాడు.

"ఏమీ వద్దు ప్రభూ, మనిషి ఉంటే చాలు," అంది గొడవ విని వచ్చిన తోటమాలి భార్య.

"నేను కనిపించడం లేదా?"



రాజు పట్టుదలగా కూర్చున్నాడు. ఎండ వాలింది. రాయబారులు, సరిహద్దులు, పన్నులు ఒక్కొక్కటే అలిసిపోయి అతని తలలోంచి వెళ్ళిపోయాయి. అప్పుడు చూశాడు. చక్రానికి ఎదురుగా తీతువు, గుడ్ల మీద రెక్కలు పరిచి, ఎగిరిపోకుండా, తిన్నగా అతని మొహంలోకే చూస్తోంది. దాని రొమ్ము దడదడా కొట్టుకుంటోంది.

తాళం తిప్పినది తిప్పినట్టే ఉంది. సీటు కింద మీట చిన్నగా కదిలింది. ఇంజను గుర్రుమని లేచింది.

రాజు చెయ్యి చాచి, తానే ఆపేశాడు.